డోర్నకల్ నుంచి వచ్చిన కంప్యూటర్

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో, మానుకోటలోని మా ఇంటి ముందుగదిలో, కంప్యూటర్ స్విచ్ వేసి అదెప్పుడు తెరుచుకుంటుందా అని నేనూ అక్కా కూర్చునేవాళ్ళం. డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసే ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మితే, బాపు ఆటోలో వేసుకొచ్చిన పాత డబ్బా అది.

గిర్రుమని ఫ్యాను తిరిగేది... తెర నల్లగానే ఉండేది. అమ్మ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా అంతే. చివరికి వెలుగు రాగానే, స్పీకర్లలోంచి ఒక ఆడమనిషి గొంతు మెల్లగా అడిగేది...

"వచ్చినవా బిడ్డా?"

మొదటిరోజు నేను కుర్చీ దిగి వంటింట్లోకి పరుగెత్తాను. ఆ గొంతు మా ఇంట్లో ఎవరిదీ కాదు. దాని వెనకాల గిన్నె కింద పెట్టిన చప్పుడు, దూరంగా రైలు కూత... అంతే.

బాపు ఆ రైల్వే ఆయనకు ఫోన్ చేశాడు. అది తన భార్య గొంతని, పిల్లలు బడి నుంచి వచ్చి కంప్యూటర్ వేయగానే పలకరించాలని సరదాగా రికార్డు చేసి పెట్టుకుందని, ఆమె పోయి ఏడాది దాటిందని చెప్పాడట. "నాతోని కాలే సార్... మీరే తీసెయ్యుండ్రి" అన్నాడట.

చూపు ఆనని మా అవ్వకు మాత్రం భయం లేదు. పక్కగదిలో మంచం మీద నుంచే "వచ్చిన్రు తల్లీ, ఇద్దరు వచ్చిన్రు" అని రోజూ బదులిచ్చేది.

ఇంటర్ చదివే అక్క కంప్యూటర్ క్లాసులకు పోయేది. ఒక మధ్యాహ్నం డబ్బా మూత విప్పి దుమ్ము తుడిచింది... స్విచ్ వేయగానే వాటంతటవే లేచే ప్రోగ్రాములన్నీ ఆపింది... అక్కర్లేని ఫైళ్ళు తీసేసింది. నా భయం చూసి ఆ గొంతునూ తీసేసింది.

మర్నాడు స్విచ్ వేస్తే... చకచకా తెరుచుకుంది. ఏ గొంతూ రాలేదు. నేను సంతోషంగా అక్క వైపు తిరిగేలోపే, లోపల్నుంచి అవ్వ అన్నది... "వచ్చిన్రు తల్లీ."

ఇవాళ ఎవరూ అడగలేదు కదవ్వా అన్నాను.

"అడిగింది బిడ్డా. డబ్బాలకెల్లి కాదు... గీడ, తలుపు కాడ నిలవడి అడిగింది."

ఎర్రటి ఎండ. తలుపు దగ్గర ఎవరూ లేరు.

అక్క వెంటనే కుర్చీలో కూర్చుని, తీసేసిన ఆ గొంతును వెతికి, మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. ఆ తర్వాత అది స్పీకర్లలోంచే వచ్చేది... అవ్వ బతికున్నన్నాళ్ళూ ఎవరం దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో తెర. రెప్పపాటులో వెలుగుతాయి. ఒకదాని ముందు అందరం చేరి ఎదురుచూడడమే లేదు...

మీ ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటర్ ఎలాంటిది? అంతకుముందు అది ఎవరింట్లో ఉండేదో... ఎప్పుడైనా అడిగారా?