మార్టినిక్‌లో మా అమ్మాయి నిద్రపోయిన మధ్యాహ్నం

దయ్యాల కథలు చాలా చదివాను గానీ ఒక్కదాన్నీ నమ్మలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తాళ్ళరేవు శాఖా గ్రంథాలయం బీరువాల్లోని పుస్తకాలన్నీ పెళ్ళికి ముందే చదివేసినదాన్ని. పదో తరగతితో చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. ఎక్కడో వింత జరిగిందని ఎవరైనా చెబితే దాని వెనక గాలి ఉందా, జ్వరం ఉందా, భయం ఉందా అని వెతకడం నా అలవాటు. మామూలుగా ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు ఉంటున్నది న్యూజెర్సీలో. మా ఆయన పోయాక మా అమ్మాయి మాధురి నన్ను పిస్కాటవే తీసుకొచ్చేసింది. ఇక్కడి లైబ్రరీలో పౌరసత్వ పరీక్షకి చదువుకుని, ఇంగ్లీషులోనే జవాబులు చెప్పి పాసయ్యాను. ఆ లైబ్రరీలో కిటికీ పక్కన నాకో కుర్చీ ఉంది. నాదని రాసి లేదు గానీ, నేను వెళ్ళేసరికి అందులో ఎవరూ కూర్చోరు.

మాధురి మందుల కంపెనీలో పనిచేస్తుంది. ఈ సంగతి జరిగిన చలికాలానికి కొంచెం ముందు మా అల్లుడు వేరే ఊరు వెళ్ళిపోయి, విడాకులు కావాలన్నాడు. గొడవ పడలేదు, గట్టిగా ఒక్క మాట అనలేదు. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చకుండా వెళ్ళాడు. మాధురి ఏడవలేదు. మామూలుగానే ఆఫీసుకి వెళ్ళేది, వచ్చేది. నిద్ర ఒక్కటే పోయింది.

డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే కళ్ళు మూతపడేవి గానీ, మనిషి లోపల మేలుకునే ఉండేది. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే హైవే మీద కారు పక్క లేన్‌లోకి జారిపోయింది. ట్రక్కువాడు హారన్ కొట్టబట్టి ఇల్లు చేరింది. గరాజ్ తలుపు చప్పుడైనా ఎంతకీ లోపలికి రాలేదని వెళ్ళి చూస్తే, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"ఏం కాలేదమ్మా. జస్ట్ కళ్ళు మూతపడ్డాయి, అంతే," అంది.

ఆ రోజు నుంచి నాది ఒకటే కోరిక. ఈ పిల్ల ఒక్కసారి ఒళ్ళు మరిచి నిద్రపోవాలి. లేకపోతే ఏదో ఒక రోజు ఆ కారు ఇంటికి రాదు.

పెళ్ళిరోజుకని వాళ్ళిద్దరూ ఎప్పుడో బుక్ చేసుకున్న కరీబియన్ క్రూజ్ ఒకటి మిగిలిపోయింది. క్యాన్సిల్ చేసే గడువు దాటిపోయింది.

"నువ్వు రా అమ్మా," అంది మాధురి.

"మీ ఆయన బదులు నేనా?"

"నువ్వైతే గురక పెట్టవు."

ఆ మాట అని నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది. అందుకే ఒప్పుకున్నాను.

ఓడ న్యూజెర్సీ నుంచే బయల్దేరింది. మా గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. పైన పెళ్ళిరోజు శుభాకాంక్షల కార్డు. మాధురి టికెట్లో అల్లుడి పేరు తీయించి నా పేరు పెట్టించింది గానీ పెళ్ళిరోజు సంగతి తీయించడం మరిచిపోయిందట. మాధురి వాటిని అలాగే చూస్తూ నిలబడింది. నేను హంసల్ని విప్పేసి బాత్రూంలో ఆరేశాను. "బాగా మెత్తగా ఉన్నాయే," అన్నాను.

చలి దాటి వెచ్చని నీళ్ళలోకి రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే అన్నీ ఒకటే రోజులా అనిపిస్తాయి. చుట్టూ నీళ్ళు. ఎటు చూసినా నీళ్ళూ ఆకాశమూ కలిసే అదే గీత. సముద్రం బూడిద రంగు నుంచి నీలానికి, నీలం నుంచి మా ఊళ్ళో గాజుల షాపులో మాత్రమే చూసిన ఒక రకం ఆకుపచ్చకి మారింది. మాధురి డెక్ మీద కుర్చీలో పడుకుని, కళ్ళు తెరుచుకుని ఆ గీతనే చూసేది. పక్కన నేను పుస్తకం పట్టుకుని దాని కళ్ళే చూసేదాన్ని.

మార్టినిక్ దీవి గురించి నేను ముందే చదువుకుని ఉన్నాను. అది ఫ్రెంచివాళ్ళది. మా తాళ్ళరేవు పక్కనే ఉన్న యానాం కూడా ఒకప్పుడు వాళ్ళదే. పూర్వం చెరుకు తోటల్లో పనికి మన తీరం నుంచి జనాన్ని ఓడలెక్కించి ఆ దీవులకి తీసుకెళ్ళారు. ఎక్కువమంది అరవవాళ్ళు, కొందరు మనవాళ్ళు. ఇదంతా బ్రేక్‌ఫాస్ట్ దగ్గర చెబుతుంటే మాధురి, "అమ్మా, నువ్వు గైడ్‌గా జాయిన్ అయిపో. టిప్స్ బాగా వస్తాయి," అంది.

ఓడ ఆగిన రేవు ఊళ్ళో చూడదగ్గ పాత గ్రంథాలయ భవనం ఒకటి ఉంది. అందరూ బీచ్‌కి బస్సులెక్కుతుంటే నేను మాధురిని లైబ్రరీకి నడిపించాను. తీరా వెళ్తే అది మూసి ఉంది. కిటికీ అద్దాల్లోంచి బీరువాలు చూసి వెనక్కి తిరిగాం. సరదాకి ఎత్తుకి ఎక్కే ఒక సందులోకి మళ్ళాం. ఎండ నడినెత్తిన ఉంది. మాధురి కొబ్బరినీళ్ళు తాగుతూ నడుస్తోంది. ఒక్కసారిగా తూలింది. బోండాం చేతిలోంచి జారి, చున్నీ అంతా తడిసిపోయింది. అక్కడే ఒక నీలం తలుపు ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టాను. ముఖం తెల్లగా పాలిపోయింది.

తలుపు తీసుకుని ఒక ముసలామె బయటికి వచ్చింది. సన్నగా, నల్లగా ఉంది. తలకి గళ్ళ గుడ్డ చుట్టుకుంది. అది ఆ దీవుల్లో అందరూ కట్టుకునేదే.

"పిల్లని ఎండలో అలా తిప్పుతావేటమ్మా?" అంది.

తెలుగులోనే అంది. మా వైపు తెలుగే, ఇంకా పాతది. మా అమ్మమ్మ ఈడువాళ్ళు మాట్లాడే తెలుగు.

ఇది చదివేవాళ్ళకి వెంటనే వింతగా తోస్తుంది. నాకు ఆ క్షణంలో తోచలేదు. కలలో తెలియని ఇంట్లో తిరుగుతూ ఇది మనిల్లే అనుకుంటాం చూడండి, అలా ఉంది. "లైబ్రరీ మూసేశారండీ," అని జవాబు చెప్పాను, అదేదో ఆమెకి తెలిసిన విషయమైనట్టు.

ఆమె మాధురి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "దీనికి నిద్ర లేదు. కళ్ళు చూడు, ఎలా పీక్కుపోయినాయో," అంది. మనవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్నలేవీ అడగలేదు. అల్లుడేం చేస్తాడని గానీ, పిల్లలెంతమందని గానీ అనలేదు. లోపలికి వెళ్ళి ఒక గిన్నెలో నూనె తెచ్చుకుని పై మెట్టు మీద కూర్చుంది. మాధురి తల ఒళ్ళో పెట్టుకుంది. మా మాధురి తలని ఎవరినీ ముట్టుకోనివ్వదు. చిన్నప్పుడు దానికి జడ వేయాలంటే ఇల్లంతా పరిగెత్తించేది. ఆ రోజు మాత్రం కిక్కురుమనలేదు.

నూనె వాసన నాకు బాగా తెలుసు. వంటాముదం. ఆమె వేళ్ళు చెవుల వెనక నుంచి మొదలుపెట్టి మెల్లగా నడినెత్తికి వెళ్ళేవి, మళ్ళీ వెనక్కి వచ్చేవి. గొంతులో ఏదో కూనిరాగం తీసేది. మాటలు లేవు. మాధురి కళ్ళు మూతపడ్డాయి, నోరు కొంచెం తెరుచుకుంది. చంటిపిల్లలు నిద్రపోయేటప్పుడు వదిలే పెద్ద ఊపిరి ఒకటి వదిలింది. తర్వాత సన్నగా గురక మొదలైంది.

ఎప్పుడు ఉతికిందో తెలియదు గానీ, తడిసిన చున్నీ ఎదురుగా తాడు మీద ఆరుతూ కనిపించింది. దాని నీడ గోడ మీద ఊగుతోంది. నేను కింది మెట్టు మీద కూర్చుని ఆ నీడని చూస్తున్నాను. అది గోడ మీదుగా మెల్లగా పక్కకి జరిగింది. తర్వాత సందంతా నీడ పడింది. బడి నుంచి పిల్లలు సంచులు ఊపుకుంటూ కిందికి దిగిపోయారు. ఎండ పసుపు రంగులోకి మారింది.

అప్పుడు ఓడ గుర్తొచ్చింది. వేళకి చేరకపోతే ఓడ ఎవరి కోసమూ ఆగదు. మా బట్టలు, నా బీపీ మాత్రలు, అన్నీ అందులోనే ఉన్నాయి. లేపడానికి చెయ్యి చాపాను. మాధురి ముఖం చూశాను. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"ఓడ పోతుందేమోనండీ," అన్నాను ఆమెతో.

"పోనీ. మావాళ్ళని దింపిన ఓడా వెళ్ళిపోయింది. ఇక్కడే ఉండిపోయాం. చచ్చిపోయామేటి?" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

సరే, పోతే పోనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఈ పిల్ల లేచేదాకా నేను ఈ మెట్టు మీద నుంచి కదలను, ఆ తర్వాత ఏమైతే అది అవుతుంది. ఆ నిర్ణయం తీసుకున్నాక మనసు ఎంత తేలికైందో చెప్పలేను. నేనూ కళ్ళు మూశానేమో, తెలియదు. నిద్రపోలేదని మాత్రం ఇప్పటికీ అనుకుంటున్నాను.

రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. మాధురి తనంతట తనే లేచి కూర్చుంది. చున్నీ ఆరిపోయి, మడత పెట్టి దాని ఒళ్ళో ఉంది. చెయ్యి పట్టుకుని లాక్కుంటూ సందు దిగాను. సందు మలుపులో, ఆమెకి వెళ్ళొస్తామని కూడా చెప్పలేదని వెనక్కి చూశాను. నీలం తలుపు మూసి ఉంది.

రేవుకి వచ్చేసరికి ఓడ అక్కడే ఉంది. ఎండ మళ్ళీ నడినెత్తిన ఉంది. కాపలా అతను మా కార్డులు చూసి, అప్పుడే వచ్చేశారేమని నవ్వాడు. పైకి వెళ్తే మధ్యాహ్నం భోజనాలు ఇంకా వడ్డిస్తూనే ఉన్నారు. కూత వేసింది మా పక్కన ఆగిన వేరే ఓడ.

ఓడలో గడియారాలు న్యూజెర్సీ టైమ్ ప్రకారం నడుస్తాయి. చలికాలంలో ఆ దీవి టైమ్ దానికంటే ఒక గంట ముందుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. ఆ ఒక్క గంటని ఎలాగోలా సర్దుకోగలను. కానీ సూర్యుడు గడియారాలు చూసుకుని నడవడు కదా.

మాధురి గదిలోకి వెళ్ళి మళ్ళీ పడుకుంది. భోజనానికి లేవలేదు. మర్నాడు పొద్దున నేను కాఫీ తెచ్చేదాకా లేవలేదు. దిండు గలీబు మీద నూనె మరక ఉంది. ఇది నా ఊహ కాదు. గది శుభ్రం చేసే అతను కూడా ఆ మరక చూసి గలీబు మార్చాడు.

ఆ రోజు డెక్ మీద కూర్చున్నప్పుడు, "ఆవిడకి థాంక్స్ కూడా చెప్పలేదే," అన్నాను.

"ఎవరికి?"

"తలకి నూనె రాసినావిడకి."

మాధురి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "అమ్మా, ఆర్ యూ ఓకే? నువ్వే కదా రాశావు. నీ ఒళ్ళోనే పడుకున్నా. ఆయిల్ ఎక్కడ కొన్నావా అని నేనే అడుగుదామనుకున్నా."

"నేనా?"

"ఒక గంట పడుకున్నానేమో. నువ్వు ఏదో హమ్ కూడా చేశావు. నీకు అంత మంచి వాయిస్ ఉందని ఇన్నాళ్ళూ తెలీదు, సీరియస్‌గా."

నా గొంతు సంగతి దానికి బాగా తెలుసు. గుళ్ళో భజనలో నేను పాడితే ముందు వరుస వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు.

ఇంటికి వచ్చాక లైబ్రరీలో నా కుర్చీలో కూర్చుని చదవగలిగినంతా చదివాను. వేరే ఊళ్ళ లైబ్రరీల నుంచి కూడా పుస్తకాలు తెప్పించుకున్నాను. ఆ దీవిలో మన భాషలు మాట్లాడేవాళ్ళు ఎప్పుడో పోయారు. మొక్కుల్లో, పూజల్లో కొన్ని అరవ మాటలు మిగిలాయంతే. ఆముదం అక్కడా వాడతారు, తలకి రాసుకుంటారు. కాబట్టి నూనె అక్కడిదే అయ్యుండొచ్చు. వడదెబ్బ గురించి చదివాను. ఎండలో మనిషికి లేనివి కనిపిస్తాయి, కాలం సాగినట్టు అనిపిస్తుంది. అదీ అయ్యుండొచ్చు. నేనే ఎవరి దగ్గరో నూనె అడిగి, నేనే రాసి, అంతా మరిచిపోయి ఉండొచ్చు.

కానీ ఆ రోజు ఓడ ఎక్కగానే, అదంతా కల కన్నానేమో అన్న అనుమానంతో నా అరచేతులు వాసన చూసుకున్నాను. అప్పటికింకా కడుక్కోలేదు. ఎండ వాసన, కొబ్బరినీళ్ళ వాసన వచ్చాయి. ఆముదం అంటుకుంటే సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన పోదు. నా చేతులకి అది లేదు.

మాధురికి మొన్నీమధ్య విడాకులు వచ్చాయి. ఆ రోజు గట్టిగా ఏడ్చింది. తర్వాత పడుకుని నిద్రపోయింది. ఇప్పుడు నిద్రకి లోటు లేదు. కారు వేళకి ఇంటికి వస్తోంది.

ఆదివారాలు, ఐసెలిన్‌లో మనవాళ్ళ కొట్టుకి వెళ్ళి తెచ్చుకున్న ఆముదం వెచ్చబెట్టుకుని వచ్చి నా ముందు కింద కూర్చుంటుంది. "ఆ రోజు పెట్టినట్టే పెట్టమ్మా," అంటుంది. నేను మొదలుపెడతాను. "అలా కాదు, చెవుల వెనక నుంచి. ఇంకొంచెం స్లోగా. అప్పుడు ఎంత బాగా చేశావు, మర్చిపోయావా?" అంటుంది. అది ఎలా చెబితే అలా నా వేళ్ళు కదుపుతాను. నేను చేశానని అది నమ్మే పనిని దాని దగ్గరే నేర్చుకుంటున్నాను. కొంచెం కొంచెంగా వస్తోంది.

ఒకసారి గట్టిగా చెప్పేద్దామనుకున్నాను. అవి నా చేతులు కావే, ఎవరివో నాకూ తెలియదు అని. నోరు తెరిచేసరికి తల నా మోకాలి మీదికి ఒరిగిపోయి ఉంది. నిద్రపోతున్న పిల్లని లేపి మరీ నిజం చెప్పేంత సత్యసంధురాలిని కాను.