మూడో రీడింగ్

ఆ పిల్లకు పెట్టిన పేరు ఒకటుంది గాని, ఇంట్లో అందరూ పిలిచేది పరుగుల పిల్ల అనే. నడక వచ్చిన రోజు నుంచి ఎక్కడికీ నడిచి వెళ్లింది లేదని వాళ్లమ్మ చెబుతుంది. వాళ్లమ్మ టైలరు. కుట్టుమిషను ఆపకుండానే అవతలివాళ్లను కడిగిపారేయగలదు.

పరుగుల పిల్ల డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, కెమిస్ట్రీ. నిరుడు ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే మూడో ఏడులోకి పంపరు. ఇంత బరువు నెత్తిన ఉన్నప్పుడు బుద్ధి ఉన్నవాళ్లెవరైనా తమ పని తాము చూసుకుంటారు. ఈ పిల్ల మాత్రం ఒక ఆదివారం ప్రార్థన మందిరంలో, "చూపులేనివాళ్లకు పరీక్ష రాసిపెట్టేవాళ్లు కావాలి, ఎవరైనా ఉన్నారా?" అని అడగ్గానే అందరికంటే ముందు చెయ్యెత్తింది. అప్పటిదాకా దేవుడిని మార్కులు తప్ప మరేమీ అడిగి ఎరగదు. ఎప్పుడూ అడుక్కోవడమేనా, ఒక్కసారైనా ఏదైనా ఇద్దామని ఆశ పడింది. ఇస్తే మనసు కుదుటపడుతుందని కూడా లోపల ఎక్కడో లెక్క వేసుకుంది.

"తా దూర సందు లేదు, మెడకో డోలు" అంది వాళ్లమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

పిల్ల రాసిపెట్టాల్సింది ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుకు. నలభై దాటిన మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు చేస్తామన్నారని మూడేళ్లుగా దూరవిద్యలో చరిత్ర చదువుతోంది. రాసిపెట్టేవాళ్లకు ఆ సబ్జెక్టు తెలియకూడదని రూలు. చరిత్ర విషయంలో పరుగుల పిల్ల అజ్ఞానానికి తిరుగు లేదు కాబట్టి ఇట్టే సరిపోయింది.

నాలుగు పేపర్లు బాగానే గడిచాయి. ఐదోది వాయిదా పడి, సరిగ్గా ప్రాక్టికల్ రోజునే వచ్చి కూర్చుంది. పొద్దున పదికి ప్రాక్టికల్, మధ్యాహ్నం రెండుకు చరిత్ర. మధ్యలో నలభై నిమిషాల బస్సు. రాసేవాళ్లు ఒకటిన్నరకల్లా వెళ్లి సంతకం పెట్టకపోతే లోపలికి రానివ్వరు. వేరే మనిషిని వెతుకుదామంటే రెండు రోజులే గడువు, అనుమతి కాగితాలకే వారం పడుతుంది.

"సార్, నన్ను ముందు బ్యాచ్‌లో వేయరా?" అని కెమిస్ట్రీ లెక్చరర్ని బతిమాలింది.

"ముందు బ్యాచే పదింటికమ్మా. అంతకంటే ముందు నేను కూడా లేవను" అన్నాడాయన.

పరీక్ష రోజు ల్యాబులో కుళాయికి నీళ్లు రాలేదు. వచ్చేసరికి పదకొండుంబావు. ఇచ్చిన ప్రయోగం టైట్రేషన్. గాజుగొట్టంలోంచి ఒక్కో చుక్కే వదలాలి. కింద ఫ్లాస్కులోని నీరు లేత గులాబీ రంగుకు తిరగగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా రంగు ముదిరిపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. అలా మూడుసార్లు చేసి, మూడు రీడింగులూ కలిస్తేనే మంచి మార్కులు. పరుగుల పిల్ల జీవితంలో పరిగెత్తి చేయలేని పని ఏదైనా ఉంటే అది ఇదే.

మొదటిది పద్దెనిమిది పాయింట్ నాలుగు. రెండోదీ అంతే. మూడోది సగంలో ఉండగా కళ్లు గోడ గడియారం మీదికి పోయాయి. పన్నెండూ నలభై. తల దించేసరికి ఫ్లాస్కంతా ముదురు గులాబీ.

"దేవుడా, నీ పని మీదే కదా వెళ్తున్నాను! ఒక్క చుక్క ఆపలేకపోయావా?" అని పళ్లు నూరింది. మూడో గడిలోనూ పద్దెనిమిది పాయింట్ నాలుగని రాసి, కాగితం ఇచ్చేసి, బస్సుకు పరుగెత్తింది.

ఒకటీ ఇరవై ఎనిమిదికి సంతకం పెట్టింది.

వాళ్లిద్దరినీ విడిగా ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఇన్విజిలేటరు గుమ్మం బయట కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నాడు. ఆపరేటరు చెప్పే తీరే వేరు. గుర్తు రాకపోతే "లైన్లో ఉండమ్మా" అంటుంది. గుర్తొస్తే ఇక ఆగదు. రెండున్నర గంటలు రాసేసరికి పిల్ల వేళ్లు కొంకర్లు పోయాయి. చివరికి పదిహేను మార్కుల ప్రశ్న ఒకటి మిగిలింది.

"అది వదిలేయ్. నాకు రాదు" అంది ఆపరేటరు.

"అయ్యో అక్కా, ఖాళీగా వదిలేస్తే ఎలా? ఏదో ఒకటి చెప్పండి. ఇంకా అరగంట ఉంది."

"రానిది ఏం చెప్పను?"

"పోనీ నేనే ఏదో నింపేస్తాను. వేరే జవాబుల్లో ఉన్నవే అటూ ఇటూ చేసి... ఆయన నిద్రపోతున్నాడు కూడా."

"నా పేపర్లో నీ మాటలెందుకమ్మా? ఇన్నేళ్ల నుంచి ఎవరి కాల్ వాళ్లకే కలుపుతున్నాను. తప్పు నంబరు ఏనాడూ ఇవ్వలేదు."

పరుగుల పిల్లకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి కోసం తను అబద్ధం రాసొచ్చిందో, ఆ మనిషే అబద్ధం వద్దని దర్జాగా చేతులు కట్టుకుని కూర్చుంది! నిలదీద్దామంటే తన సంగతీ చెప్పాల్సి వస్తుంది. మిగిలిన అరగంటా ఖాళీ పేజీని ముందేసుకుని ఇద్దరూ ఊరికే కూర్చున్నారు.

తిరుగు బస్సులో మనసు కుదుటపడుతుందేమోనని చూసింది. పడలేదు. ఇంటి స్టాపు వచ్చినా దిగకుండా, తనను తానే తిట్టుకుంటూ కాలేజీ దాకా వెళ్లింది. లెక్చరర్ ల్యాబుకు తాళం వేయబోతున్నాడు.

"సార్, నా మూడో రీడింగ్ నేను తీయలేదు. ఊరికే రాశాను."

ఆయన తాళంచెవి వేలికి తిప్పాడు. "అది ఇప్పుడా చెప్పడం? మార్కులు వేసేశాను. ముప్పైకి ఇరవై ఆరు."

"తెలుసు సార్. కాదు, తెలీదు సార్."

"నా టీ కూడా పోయిందివాళ" అని గొణిగి తలుపు తీశాడు. "పోయి గొట్టం కడుక్కో."

కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే, కొంకర్లు పోయిన వేళ్లతో చుక్కా చుక్కా వదిలింది. ఈసారి గడియారం చూడలేదు. లేత గులాబీ రంగు నిలిచింది. గొట్టం మీద గీత చూస్తే పద్దెనిమిది పాయింట్ ఏడు.

"మొదటి రెండింటితో కలవడం లేదే" అన్నాడాయన, కళ్లజోడు ఎత్తి. "నీ అబద్ధమే బాగా కలిసింది."

"అవును సార్."

"దేనికి వేయమంటావ్ మార్కులు?"

ఏడుపొకటే తక్కువ. "దీనికే వేయండి సార్."

ఇరవై ఆరు కొట్టేసి పదమూడు వేశాడు. పాసవడానికి పన్నెండు చాలు.

ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ మిషను మీదే ఉంది. "పాసయ్యావా?"

"అయ్యాను."

"మరి ఆ ముఖమేంటి ఫెయిలైనట్టు? సేవ చేస్తే మనశ్శాంతి అంటారుగా, ఏదీ?"

"రాలేదమ్మా" అంటూ చెప్పులు ఒక మూలకు విసిరి, వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీసి చూసింది. "ఆకలి మాత్రం బాగా వచ్చింది."