కూలి అడగని మేస్త్రి

నేను అద్దెకున్న హూడి పాత ఊళ్లో సముదాయ భవనం కారడం మొదలయ్యాక, ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశాం. వచ్చిన డబ్బు సామానుకే సరిపోయింది. గోడలు ఊరికే పూసిస్తానని ఒక ముసలి మేస్త్రి ముందుకొచ్చాడు. ఆదివారాల్లో నేను ఆయనకు సిమెంటు కలిపి అందించేవాణ్ణి. తాపీతో పూసిన ప్రతిచోటా తడి అరచేత్తో ఒకసారి నిమిరితేగాని ఆయన పక్కకు జరిగేవాడు కాదు.

ఒక బుధవారం ఆయన భార్య పోయింది. ఆ ఆదివారం ఆయన రాడనుకున్నాం. మామూలు వేళకే వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

"ఇంటి దగ్గరే ఉండాల్సింది కదా, తాతా," అన్నాను.

"ఇంట్లో అందరూ ఏడుస్తా ఉండారప్పా. నాకేమో రాలేదు. నువ్వు సిమెంటు కలుపు."

కలిపాను. సాయంత్రానికి తూర్పు గోడ పూర్తయింది. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా ఆయన మానలేదు, ఆమె మాట ఎత్తలేదు.

భవనం మళ్లీ తెరిచిన రోజు ఆయనకు శాలువా కప్పాలనుకున్నాం. పిలవడానికి నేనే వెళ్లాను. అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"అందరూ మీకోసం చూస్తున్నారు, తాతా."

"పనేమన్నా మిగిలుండాదా?"

"లేదు. అంతా అయిపోయింది."

ఆయన వీధికేసి చూశాడు. "ఇంకెక్కడన్నా గోడ పూసేదుంటే చెప్పప్పా," అన్నాడు.

శాలువా కప్పించుకోవడానికి ఆయన రాలేదు. తరువాతి ఆదివారం చందాపుర దగ్గర ఒక పల్లె బడికి గోడలు పూయాలని తెలిసి, ఆయన్ని నా బండి మీద తీసుకెళ్లాను. దిగగానే ఆయన చొక్కా విప్పాడు, నేను సిమెంటు కలిపాను.