సింహాచలమ్మ చేపలూ దేముడి గ్యాసు ట్యాంకూ

బెంగాల్లో ఒక రైల్వే ఊరు. అక్కడి పూరీ గేట్ ఆటో స్టాండులో దేముడి అసలు పేరే దేముడు. ముద్దుపేరు కాదు. "దేముడు ఇప్పుడే ఎల్లిపోనాడు, ఇంకో గంటకి గానీ రాడు" అని స్టాండులో ఎవరైనా అంటే కొత్తవాళ్లు కాస్త కంగారుపడేవారు.

తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కొడుకూ అక్కడే చేరవలసింది. మెడికల్ పరీక్షలో డాక్టరు రంగుచుక్కల పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె కనబడుతోందని అడిగాడు. "అంకెక్కడుంది బాబూ, ఎవలో పులిహోర ఒలకబోసినట్టున్నాది" అన్నాడు దేముడు. ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియనివాడిని రైళ్ల దగ్గరికి రానివ్వలేదు. అలాంటివాడికి ఆటో లైసెన్సు ఎలా వచ్చిందో నన్నడగకండి. సిగ్నల్లో పై లైటు వెలిగితే ఆగడం, కిందిది వెలిగితే కదలడం అనే లెక్క మీద ఇరవై ఆరేళ్లుగా ఎవరినీ గుద్దకుండా నడుపుతున్నాడు.

ఒక ఏప్రిల్ ఉదయం ప్రశాంతి అనే అమ్మాయి స్టాండుకి వచ్చింది. తెనాలి పిల్ల. ఇక్కడి ఒక కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. కొత్తరకం గ్యాసు ట్యాంకు తయారుచేశామనీ, దాన్ని ఒక ఆటోకి బిగించి నడిపి చూడాలనీ చెప్పింది. 'ప్రయోగం' అన్న మాట వినగానే స్టాండులో సగంమందికి టీ గుర్తొచ్చింది, మిగతా సగానికి బేరం తగిలింది. దేముడొక్కడే మిగిలాడు.

"దేముడు గారూ, ఇక మీరే కాపాడాలి" అంది ప్రశాంతి.

పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఎవరూ గారూ అనలేదు. అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. ఆ తరవాత అడిగాడు, అందులో ఏముంటుందని.

"మామూలు సిఎన్‌జి సిలిండర్లోకి గ్యాసును విపరీతమైన ఒత్తిడితో కుక్కాలండీ. మా ట్యాంకులో స్ఫటికాల పొడి ఉంటుంది. ఆ స్ఫటికాల నిండా కంటికి కనబడని గదులు. మీథేన్ గ్యాసు వాటిల్లోకి దూరి గోడలకి అంటుకుని కూర్చుంటుంది. అందుకని ఐదోవంతు ఒత్తిడి చాలు. చెంచాడు పొడిలో ఉన్న గోడలన్నీ విప్పి పరిస్తే ఫుట్‌బాల్ మైదానమంత అవుతాయి."

దేముడు ఆలోచించాడు. "మా అయ్యకిచ్చిన రైల్వే క్వార్టరు ఒక్క గదే మేడమ్ గారూ. పదకొండుమందిమి గోడలకి ఆనుకుని తొంగున్నాం. అదేనా?"

"అదే" అంది ప్రశాంతి. ఆమె గైడు కూడా అంత బాగా చెప్పలేదట.

వెనక సీటు వెనకాల, సామాను పెట్టే చోట ట్యాంకు బిగించారు. మొదటిరోజు దేముడు ముగ్గురిని ఎక్కించుకుని మలంచాకి బయల్దేరాడు. ఝపటాపూర్ దగ్గర ఆటో రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మీటరు చూస్తే ట్యాంకులో గ్యాసు సగం ఉంది. చెయ్యి వేసి చూస్తే ట్యాంకు ఫ్రిజ్‌లోంచి తీసిన సోడాబుడ్డిలా చల్లగా, ఒళ్లంతా చెమటలు పట్టి ఉంది. ప్రయాణికుల్లో ఒకాయన దిగి వేరే ఆటో ఎక్కకుండా, మంచి ఎండవేళ కదా అని ట్యాంకుకి చెంప ఆనించి నిలబడ్డాడు.

దేముడు ఫోన్ చేశాడు. "మేడమ్ గారూ, మీ ట్యాంకుకి సలేస్తన్నాది."

ప్రశాంతి నిట్టూర్చింది. గ్యాసు ఆ గదుల్లోంచి బయటికి వచ్చేటప్పుడు వేడిని లాక్కుంటుందనీ, దాంతో ట్యాంకు చల్లబడుతుందనీ, చల్లబడితే మిగిలిన గ్యాసు గోడలు వదలదనీ వివరించింది. ట్యాంకుని వెచ్చబెట్టే పరికరానికి అర్జీ పెట్టారట. అది ఎవరి బల్ల మీద ఉందో వెతుకుతున్నారట.

"అందాకా ఏటి సెయ్యమంటారు?"

"కాసేపు ఎండలో నిలబెట్టండి."

అలా నాలుగురోజులు దేముడు ఎండలో నిలబడ్డాడు. అయిదోరోజు పొద్దున్న అతని భార్య అక్క సింహాచలమ్మ, మలంచా బజారులో చేపలమ్మే మనిషి, పెద్ద అల్యూమినియం బేసినుతో ఎదురొచ్చింది. బేసిను నిండా నీళ్లు, రోహు చేపలు. ఒక్క మాటైనా అడక్కుండా తిన్నగా తీసుకొచ్చి ట్యాంకు మీద పెట్టేసింది.

"వదినా, దాని మీద ఏటీ ఎట్టకూడదు!"

"మరయితే నీ నెత్తి మీద ఎట్టమంటావేటి మరిదీ? పోనీ."

పోనిచ్చాడు. ఝపటాపూర్ దాటింది. ఆటో దగ్గలేదు. మలంచా వచ్చింది, అప్పటికీ దగ్గలేదు. బేసినులో నీళ్ల వెచ్చదనం ట్యాంకుకి చేరింది, ట్యాంకు చల్లదనం చేపలకి చేరింది. అందరికీ లాభమే. దేముడు ఆనందం పట్టలేక వదినగారి కాళ్లకి దండం పెడితే, "ఏటి, తాగినావా పొద్దున్నే?" అందామె.

ఆ ఆనందం పదినిమిషాలే. సింహాచలమ్మ దగ్గర పదిహేనేళ్లుగా చేపలు కొంటున్న మజుందార్ దాదా వచ్చి, అలవాటుగా ఒక రోహుని పట్టుకుని, నిప్పు తగిలినట్టు వదిలేశాడు.

"ఎ తో బొరోఫేర్ మాఛ్, దీదీ!"

బజారంతా తిరిగి చూసింది. ఐసులో పెట్టిన నిలవ చేప అన్నమాట! ఆ రోజే చెరువులోంచి తీసిన చేపల్ని అంతమాటంటే సింహాచలమ్మ ఊరుకుంటుందా? బెంగాలీలో మొదలుపెట్టి, హిందీలోకి వెళ్లి, తెలుగులో ముగించింది. ఆ ముగింపు ఇక్కడ రాయలేను. దాదా మాత్రం ఖాళీ సంచితోనే వెళ్లిపోయాడు.

"నీ ట్యాంకు నా పరువు తీసినాది. నా సేపలు ఇంక నీ ఆటో ఎక్కవు" అని చెప్పేసింది మరిదికి.

తరవాత దేముడు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. భార్యచేత గంజి కాయించి క్యానులో పోసి ట్యాంకు మీద పెట్టాడు. గతుకు తగిలి వెనక కూర్చున్నవాళ్ల వీపుల మీద ఒలికింది. రగ్గు కప్పాడు. చల్లదనం లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా ఆగింది.

ఈలోగా ప్రశాంతి ప్రయోగం ఎలా సాగుతోందో చూడ్డానికి కాలేజీ కమిటీ వచ్చింది. పెద్దాయన ఒకరు సూటు వేసుకుని, మే నెలలో, స్వయంగా ఆటో ఎక్కారు. పక్కన ప్రశాంతి, ముఖం పాలిపోయి. మలంచా బజారు నాలుగడుగుల దూరంలో ఉందనగా ఆటో దగ్గింది. ఆగింది.

దేముడు దిగి పరుగెత్తాడు. "వదినా, ఆ బేసిను ఒక్కసారియ్యి!"

"నా సేపలు బరఫ్ సేపలని పిలిపించుకోడానికా? ఇయ్యను."

"ఆ పిల్ల సదువు పోతాది వదినా!"

సింహాచలమ్మ ప్రశాంతి వైపు చూసింది. పిల్ల ఏడుపు మింగుతోంది. కొంగు దోపుకుని బేసిను ఎత్తింది. "ఇస్తాను. గానీ ఆ సూటుబాబు మజుందార్ దాదా ముందర నిలబడి నిజం సెప్పాల. బెంగాలీలో."

బేసిను ట్యాంకు మీదికెక్కింది. అయిదు నిమిషాలకి ఆటో కదిలింది. పెద్దాయన చేపల్నీ, మీటర్నీ మార్చి మార్చి చూశారు. ఇచ్చిన మాట ప్రకారం బజారు నడిబొడ్డున నిలబడి, ఇవి తాజా చేపలేననీ, విజ్ఞానశాస్త్రం వల్ల చల్లబడ్డాయనీ స్వచ్ఛమైన బెంగాలీలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. మజుందార్ దాదా చేతులు జోడించి రెండు చేపలు తీసుకున్నాడు. పెద్దాయన కూడా ఒకటి కొనుక్కున్నారు.

అర్జీ ఎవరి బల్ల మీదుందో వారంలో దొరికిపోయింది. ఇంజను వేడిని ట్యాంకు చుట్టూ తిప్పే గొట్టం వచ్చింది. అప్పటినుంచి ట్యాంకూ చల్లబడలేదు, ఆటో ఎక్కడా ఆగలేదు. ప్రశాంతి మూడు నెలల లెక్కలు రాసుకుని పరీక్ష ముగించింది.

సింహాచలమ్మకి మాత్రం కొత్త తలనొప్పి మొదలైంది. చేపలు మళ్లీ మామూలుగా వస్తుంటే మజుందార్ దాదా పట్టి చూసి పెదవి విరిచేవాడు. "సైన్సు మాఛ్ నేదా దీదీ?" అని తెలుగూ బెంగాలీ కలిపి అడిగేవాడు.

ట్యాంకు విప్పుతున్న రోజు దేముడు ప్రశాంతిని ఆ పొడి చూపించమన్నాడు. ఆమె చిన్న సీసా తీసి ఇచ్చింది. అతను చాలాసేపు అటూ ఇటూ వంచి చూశాడు. చూడ్డానికి ముగ్గుపిండిలా ఉందంతే.

"ఇదా మేడమ్ గారూ, నన్నిన్ని తిప్పలెట్టినాది?" అన్నాడు. సీసా మూత గట్టిగా బిగించి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.