మిరప ఘాటు, కంటికి కనబడని వెలుగు

మా మాస్టారు పోయారని గురువారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు నేను చీమకుర్తి దాటుతున్న బస్సులో ఉన్నాను. ముందు గ్రానైట్ లారీలు, కిటికీ నిండా తెల్లటి దుమ్ము. దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

గుంటూరు దగ్గర ఆయన ల్యాబులోనే సెమీకండక్టర్ లేజర్ల మీద పిహెచ్‌డి చేశాను. ఇసుక రేణువంత చిప్పు, అందులోంచి కంటికి కనబడని వెలుగు. దాని దారిలో ఆ వెలుగును పట్టి చూపే ఓ కార్డు పెడితే పచ్చటి చుక్క మెరిసేది. ఆ చీకటి గదిలో గంటలు కలలో నడిచినట్టు గడిచేవి. మాస్టారు టీ తాగిన సంగతి మర్చిపోయి మళ్లీ తెప్పించుకునేవారు. నేను కంగారుపడితే, "తొందర వెలుగుకుంటే చాలు, మనకెందుకు తల్లీ" అనేవారు.

నా చివరి ప్రయోగంలో ఆ చుక్క రోజురోజుకీ మసకబారసాగింది. మా దగ్గరున్నది ఆ ఒక్క లేజరే. అది పోతే నా థీసిస్ పోయినట్టే. ఆ వేసవి దాటితే చదువు మానేసి ఇంటిపట్టున ఉండమని నాన్న అప్పటికే చెప్పేశాడు. మూడు వారాలు వైర్లన్నీ మార్చి చూశాం. చివరికి ఓ మధ్యాహ్నం మాస్టారే లేజర్ ముందుండే లెన్స్ విప్పారు. అలవాటుకొద్దీ కళ్లద్దాలు పైకి తోసి కన్ను నులుముకున్నారు. అంతే, కన్ను పట్టుకుని కూలబడ్డారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది మిరప కోతల కాలం. రోజూ అమ్మతో కూర్చుని కాయలకు తొడిమలు తీసి, సబ్బుతో చేతులు కడుక్కుని బస్సెక్కేదాన్ని. గ్లవ్స్ వేసుకుంటే స్క్రూ పట్టు తెలియదని ఉత్త చేతులతోనే రోజూ ఆ లెన్స్ సరిచేసేదాన్ని, తెలివితక్కువదాన్ని. పొలం పని చేస్తానని ల్యాబులో ఎవరికీ చెప్పలేదు, సిగ్గు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. కొబ్బరినూనె తెప్పించి, "ఆ ఘాటు ఒట్టి సబ్బుకు లొంగదమ్మా. ముందు నూనె, తర్వాత సబ్బు" అని నా చేతులు కడిగించారు. వెలుగుకు అడ్డుపడుతున్నది లెన్స్ మీది ఆ మిరప జిడ్డేనేమో చూద్దామని, గ్లవ్స్ ఇచ్చి లెన్స్ తుడవమన్నారు. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో ల్యాబు గుమ్మం దగ్గర కొబ్బరినూనె సీసా ఉంటుంది. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. నాకింత బతుకిచ్చిన మనిషి ఆయన.

ఆరోజు దీపాలార్పి, లేజర్‌కి కరెంటు కొద్దికొద్దిగా పెంచాను. మాస్టారికి ఒక కన్ను వాచి మూసుకుపోయింది, చెంప మీదుగా నీళ్లు కారుతున్నాయి. రెండో కన్ను కార్డు మీదే ఉంది. మొదట ఏమీ లేదు. తర్వాత, చీకట్లో, పచ్చగా చిన్న చుక్క.

"పోలేదు తల్లీ," అన్నారు మాస్టారు, "బతికే ఉంది."