బాబాయి భుజం మీద తువ్వాలు

స్వారీ నేర్పే ఆ గుర్రాల శాలలో యజమాని మొదలు గడ్డి తెచ్చేవాడి దాకా అందరికీ ఆయన బాబాయే. ఒకసారి పదిమందిలో ఆయన భార్య కూడా అలాగే పిలిచి నాలుక్కరుచుకుంది. మనుషుల్ని కసురుకుంటాడు గానీ, గుర్రంతో మాట్లాడితే ఆ గొంతు బెల్లంపాకమే.

కొత్తగా కొన్న గోధుమరంగు గుర్రానికి జ్వరం వచ్చింది. ముక్కు వెంట పసుపుపచ్చగా చీమిడి కారి, దవడ కింద గడ్డలు లేచాయి. పశువుల డాక్టరమ్మ ముక్కులోంచి నమూనా తీసి పంపితే, అది సూక్ష్మక్రిమి వల్ల వచ్చే గొంతువాపేనని, ఇట్టే అంటుకుంటుందని తేలింది. బాబాయి నడుం బిగించాడు. దాన్ని చివరి కొట్టంలో కట్టి, అడ్డంగా తాడు లాగి, దాని బకెట్టుకు ఎర్ర రంగు పూశాడు. తాడు దాటబోయిన యజమానిని సైతం బూట్లు కడుక్కునేదాకా కదలనివ్వలేదు. ఆ రోజుల్లో బాబాయి నడకే వేరు.

అయినా ముసలి తెల్లగుర్రం మేత మానేసింది. ఈ శాలలో అది పుట్టినప్పుడు ఒళ్లు తుడిచింది బాబాయే. ఇప్పుడు దాని గొంతు కింద గడ్డ పెరిగి ఊపిరి గురకలా వస్తోంది. గడ్డ పగిలి చీము బయటికొస్తే గండం గడిచినట్టే, లోపల గాలి దారిని నొక్కేస్తే మాత్రం కష్టమంది డాక్టరమ్మ.

తాడు దాటి రోగం ఎలా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. బకెట్లు చూసింది, నీళ్లతొట్టి చూసింది, పనివాళ్లందర్నీ అడిగింది. ఇంతలో బాబాయి అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి తెల్లగుర్రం ముక్కు తుడిచాడు. రోజూ పొద్దున చివరి కొట్టంలోనూ అదే తువ్వాలు, అదే తుడవడం. డాక్టరమ్మ తువ్వాలు వంక చూసింది. ఆమెతో పాటు అందరూ చూశారు. బాబాయి చెవులు కందిపోయాయి.

"ముక్కు కారుతుంటే చూస్తూ ఎలా ఊరుకోనమ్మా," అన్నాడు.

"అంత ప్రేమగా తుడిచావు గనకే ఇంత బాగా అంటుకుంది బాబాయ్," అంది ఆమె, తిట్టడానికి మనసు రాక.

జబ్బు గుర్రాల్ని ముట్టుకున్నవాళ్లు మంచివాటి దగ్గరికి పోకూడదు. తెల్లగుర్రాన్నీ చివరి కొట్టం వైపు మార్చి, బాబాయి తాడుకు ఇవతల జబ్బువాటి దగ్గరే ఉండిపోయాడు. అవతలి మంచి గుర్రాలు ఆయన భార్య, అందరి పిన్ని, పాలబడ్డాయి. కొత్తగా దేనికైనా రోగం తగిలిందేమోనని పూటపూటా జ్వరం చూడటం ఆమె పని. థర్మామీటరు పెట్టేది నోట్లో కాదని తెలిసిన రోజున ఆమె మొహం చూసి తీరాల్సిందే.

బాబాయి ఉడుకునీళ్లలో గుడ్డ ముంచి తెల్లగుర్రం గడ్డకు కాపడం పెట్టేవాడు. తవుడు జావలా కలిపి బతిమాలి తినిపించేవాడు. తన తువ్వాలు సంగతి దానికి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. ఒక మధ్యాహ్నం కాపడం పెడుతుండగానే గడ్డ పగిలి, చీమంతా ఆయన చొక్కా మీద పడింది. పన్నీరు చల్లినంతగా మురిసిపోయాడు బాబాయి. గుర్రం తల విదిలించి, ఊపిరి నిండా పీల్చి, నీళ్ల బకెట్టులో మూతి పెట్టింది.

బాబాయి తాడు దాకా పరుగెత్తాడు. అవతల పిన్ని గబుక్కున ముక్కు మూసుకుంది.

"ఇది మనుషులకి రాదులేవే," అన్నాడు.

"రోగం సంగతెవరడిగారు? ముందు ఆ చొక్కా తగలెయ్యి." కొట్టం వైపు తొంగిచూసింది. "తాగిందా?"

"బకెట్టు ఖాళీ చేసింది."

పిన్ని ముక్కు మీది చెయ్యి తీసి కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత మళ్లీ ముక్కు మూసుకుంది.