పసుపు పూసిన ప్రాజెక్టు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఈ లోకంలో ఏదీ ఉండేది కాదు. (ఇరవై రెండేళ్ల వయసులో అందరికీ అంతేననుకుంటాను.) నంద్యాలలో ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం, పొట్టేలు మెదడు మీద ప్రాజెక్టు. మెదడులో ప్రతి కణంలోనూ ఉండే జన్యువులు అవే. కానీ పెద్దమెదడులో చురుగ్గా పనిచేసే జన్యువు చిన్నమెదడులో చడీచప్పుడు లేకుండా పడుకుని ఉండొచ్చు. ఏది ఎక్కడ ఎంత పనిచేస్తోందో దాని నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను కొలిచి చెప్పాలి. ఆ ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారం. కోసిన కాసేపట్లోనే మెదడు తీసి ఐసులో పెట్టకపోతే పాడైపోతుంది. కొలిచే యంత్రం నాకు దక్కేది సోమవారం ఒక్కరోజే. అది తప్పితే ఆ ఏడు నాకు పట్టా లేనట్టే.

ఆదివారం పొద్దున్నే థర్మాకోల్ పెట్టెలో ఐసు నింపుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్కడ మా మేనమామకు తెలిసిన మటన్ కొట్టు ఉంది. కొట్టాయనను మేమంతా మటనన్న అంటాం. ముందురోజే ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, రెండు తలకాయలు కావాల. నీట్‌గా ఉండాల" అని గంభీరంగా చెప్పి పెట్టేశాను. ఎందుకో చెప్పలేదు. (చెబితే ఆయనకేం అర్థమవుతుందిలే అని!) తీరా వెళ్తే మటనన్న నిప్పుల మీద కాల్చి, గీకి, కడిగి, పసుపు పూసిన తలకాయలు రెండు నవ్వుతూ నా ముందు పెట్టాడు. మా వైపు తలకాయ అడిగితే అలాగే ఇస్తారు మరి. వెంట్రుకలతో ఇచ్చే కొట్టుకు ఎవరూ రెండోసారి పోరు. కాల్చిన తలలో ఆర్‌ఎన్‌ఏ ఇంకేం మిగులుతుంది? ఆ కమురు వాసన తగలగానే అంతమంది ముందు భోరుమన్నాను.

"ఏందమ్మా, ఏడుస్తాండావ్? పొద్దున్నే లేసి నున్నగ కాల్చి పెట్టినా గదా!"

వెక్కుతూనే జన్యువుల సంగతీ, సోమవారం తప్పితే ఏడాది పోయే సంగతీ అంతా చెప్పాను. మటనన్న కత్తి పక్కన పెట్టి విన్నాడు. "ముందే చెప్పింటే పోయేది గదమ్మా. మెదడంతా ఒకటే తీరుంటాదా యాడన్నా? ముందరిది మెత్తగుంటాది. ఎనక చిన్నదుందే, పట్టుకుంటేనే తెలుస్తాది దాని తీరే ఏరని." నేను ఇంగ్లీషులో మూడు పేజీల ముందుమాట రాసుకున్నది దీని గురించే.

ఇక కోయాల్సింది ఒక్క పొట్టేలే మిగిలింది. దాని తలకాయ తనకు కావాలని దొర్నిపాడు ఊరి పెద్దాయన ఒకాయన ముందే చెప్పి ఉంచాడు. ఆయన సంచీ పట్టుకుని పక్కనే నిలబడి అంతా వింటున్నాడు. మటనన్న ఆయన వైపు చూశాడు.

"ఇంటికి అల్లుడొచ్చినాడప్పా" అని పెద్దాయన నసిగి, నా మొహం చూశాడు. "సర్లే, ఆ పాపకే ఇయ్యి. అల్లునికి కాళ్లు వండుతాం. ఆయమ్మ ఏడాది పోతే మళ్లా వస్తాదా?"

మటనన్న పుర్రె చీల్చి, మెదడు చెక్కుచెదరకుండా తీసి ఆకులో పెట్టాడు. నేను భాగాలు వేరుచేసి ఐసులో పెడుతుంటే, "జరగండప్పా, ఆయమ్మ బేగా పోవాల" అని ఆయన జనాన్ని అదిలిస్తూ నిలబడ్డాడు.

సోమవారం గండం గడిచింది. చిన్నమెదడులో ఊపుగా పనిచేస్తున్న జన్యువు పెద్దమెదడులో ఉందా లేదా అన్నట్టుంది. పట్టా వచ్చింది. ప్రాజెక్టు పుస్తకంలో ధన్యవాదాల పేజీ నిండా రాశాను. మా గైడుకు, యంత్రం నడిపినవాళ్లకు, ఆఖరికి టైపు చేసిపెట్టిన స్నేహితురాలికి కూడా. కొట్టు దగ్గరివాళ్ల ఊసు మాత్రం ఎత్తలేదు. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లల ప్రాజెక్టులు దిద్దుతూ ముందుగా ధన్యవాదాల పేజీనే తిప్పి చూస్తుంటాను. అన్నీ తెలుసనుకున్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, వెనకే సిగ్గూ వస్తుంది. ఇంట్లో అల్లుణ్ణి పెట్టుకుని తన కూర నాకిచ్చేసిన ఆ పెద్దాయన పేరేమిటో నేను అడగనైనా లేదు.